అమ్మ వచ్చిన రూం

మా రూం మామ చనిపోయాడు. హాస్పిటల్ దగ్గరున్న కంపెనీ డ్రైవర్ నా ఫోనుకు మెసేజ్ పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'మామ పోయినాడు, అందరికీ చెప్పు.' నేను సైటుకు పోయే బస్సులో ఉన్నాను. నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. ముందు సీట్లో ఉన్న మా రూం మేస్త్రీ భుజం తట్టి ఫోను ఇచ్చాను. ఆయన చదివి పక్కవాడికిచ్చాడు. సీటు సీటుకూ తిరిగి ఫోను నా దగ్గరికి వచ్చింది.

ఈ ఎడారి దేశంలో, సోనాపూర్ కూలీల క్యాంపులో మా రూంకు ఆయనే పెద్ద. రాయచోటి మనిషి, షట్టరింగ్ కార్పెంటర్. పెళ్లే చేసుకోలేదు. అయినా మా అందరికీ మామ, మేమందరం ఆయనకు అల్లుళ్లం.

"పిల్లనియ్యకుండా అల్లుడంటే ఎట్లా మామా?" అని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు.

"అన్నం పెడతాండా కదప్పా. పిల్ల గూడా కావాల్నా నీ మొగానికి?"

రూంకు కొత్తగా వచ్చినవాడికి శుక్రవారం మధ్యాహ్నం ఒక మర్యాద ఉండేది. పెద్ద పళ్లెం చుట్టూ అందరం కూర్చునేవాళ్లం. మామ మొదటి ముద్ద కలిపి కొత్తవాడి నోట్లో పెట్టేవాడు. "ఇంగ నువ్వు మా రూమోనివి. కొట్లాడినా ఈడనే కొట్లాడు, ఏడ్చినా ఈడనే ఏడువు" అనేవాడు. నా వంతు వచ్చినప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "ఎత్తకపోతే ముక్కులో పెడతా" అన్నాడు. ఇల్లు వదిలాక నేను కడుపునిండా తిన్నది ఆ రోజే.

ఎండాకాలంలో క్యాంపులో చికెన్‌పాక్స్ మొదలైంది. ముందు పక్క లైను గదుల్లో, తర్వాత నాకు. మా వైపు ఆ జబ్బును పేరు పెట్టి పిలవరు, అమ్మ వచ్చిందంటారు. మామ క్యాంప్ బాస్ దగ్గరికి పోయి తనకొచ్చిన హిందీలో అదే చెప్పాడు.

"సాబ్, హమారే కమ్రే మే అమ్మా ఆయీ."

"కిస్కీ అమ్మా?"

"సబ్‌కీ అమ్మా, సాబ్."

అందరి అమ్మ అనేసరికి, మగవాళ్ల క్యాంపులోకి ఎవరి తల్లో దూరిందనుకున్నాడు బాస్. వీసా ఏదని అరుస్తూ, వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని వచ్చి మంచాల కింద వెతికాడు. లైనంతా గుమ్మంలో మూగి నవ్వుతోంది. మామ నా దుప్పటి తీసి, "యే దేఖో సాబ్, అమ్మా" అని నా మొహం చూపించాడు. బాస్ వెనక్కి నడుస్తూ వాచ్‌మన్ కాలు తొక్కేశాడు. సాయంత్రానికల్లా మా రూంకు డ్యూటీ బంద్, బస్సు బంద్, గుమ్మం దాటడం బంద్. పొద్దున నవ్వినవాళ్లు మా తలుపు ముందు నుంచి నడవడం కూడా మానేశారు.

మామ పద్ధతి మార్చాడు. పెద్ద పళ్లెం పక్కన పెట్టేశాడు. ఎవరి గిన్నె వాళ్లది, ఎవరి మంచం వాళ్లది. కానీ "అందరూ పెట్టుకున్నారా?" అని ఆయన కేకేసేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. బదిలీ మీద వచ్చి మా రూంలో ఇరుక్కుపోయిన కొత్తవాడొకడు ఉన్నాడు. వాడి మొదటి ముద్దను మామ గిన్నె మూతలో పెట్టి, చెక్క పట్టీతో నేల మీద వాడి దగ్గరికి తోశాడు.

"మామా, ఇది రూమా, జైలా?" అన్నాడు వాడు.

"జైల్లో ముద్ద కలిపియ్యరప్పా. తిను."

నాకు జ్వరం ఎక్కువయ్యాక లైను చివర ఖాళీ గదిలోకి మార్చమన్నారు. తోడు ఒక్కరే పోవాలి. ఒకసారి అమ్మ వచ్చినవాళ్లకు మళ్లీ రాదంటారు కాబట్టి, అలాంటివాళ్లే రమ్మన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. మామ తన దుప్పటి చుట్టుకుంటూ, "నాకు చిన్నప్పుడే వచ్చి పోయిందిలే" అన్నాడు.

రోడ్డు మధ్య చెట్ల నుంచి డ్రైవర్ తెంపుకొచ్చిన వేపాకును మామ నా కింద పరిచాడు. గోక్కోకుండా నా చేతులకు గుడ్డ చుట్టాడు. రూంవాళ్లు అన్నం గడప దగ్గర పెట్టి, దూరం పోయి మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లు. మామకు చదువు రాదు. వాళ్ల మెసేజ్‌లు నేనే చదివి వినిపించి, ఆయన చెప్పింది టైపు కొట్టేవాణ్ని. "నోటితో రెండు మాటలాడవు, వేళ్లతో ఇంత వాగుతావే అల్లుడూ" అని నవ్వేవాడు.

నేను లేచి తిరుగుతున్నానో లేదో, ఆయనకు దగ్గు పట్టుకుంది. మెడ మీద పొక్కులు చూసి, "నీకు మళ్లా వచ్చిందే మామా" అన్నాను. "కొందరికి రెండుసార్లొస్తాదిలే" అని గోడవైపు తిరిగాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. హాస్పిటల్‌కు వ్యాను ఎక్కిస్తుంటే ఆగి ఆగి ఒకటే చెప్పాడు: "రూం ఇడిపోనీకండి రా."

మాకు బంద్ ఎత్తేసి మళ్లీ డ్యూటీకి పంపిన రోజుల్లోనే ఆయన పోయాడు. రాయచోటిలో ఉన్న ఆయన అక్కకు మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు. పక్కనున్న మాకందరికీ ఆమె గొంతు వినబడుతూనే ఉంది.

"వానికి చిన్నప్పుడు యాడొచ్చింది నాయనా? ఇంట్లో మాకందరికీ వచ్చిందని, వాన్నొక్కన్ని మా మేనత్త ఇంటికి తోలినారు." కాసేపు ఏడ్చి అడిగింది: "పోయేటప్పుడు వానికాడ ఎవరన్నా ఉండారా?"

"ఉన్నామమ్మా" అన్నాడు మేస్త్రీ.

మేమెవరమూ లేము. మమ్మల్ని రానివ్వలేదు. ఆయన్ను సీలు వేసిన పెట్టెలోనే ఊరికి పంపారు. మొహం చూపించలేదు.

మమ్మల్ని ఒకే రూంలో ఉంచమని బాస్‌ను అడగడానికి పోయాం. నేను కూడా నోరు తెరిచి అడిగాను. "వో కమ్రా ఖలాస్" అన్నాడు, ఆ రూం పని అయిపోయిందని. మేస్త్రీని ముసఫ్ఫా క్యాంపుకు పంపారు. కొందరిని రువైస్‌కు పంపారు, అది ఎడారి చివర, ఒకరినొకరు పోయి చూసుకోగలిగే దూరం కాదు. నన్ను పక్క లైన్లో వేశారు. మొదట్లో మెసేజ్‌లు తిరిగేవి. ఇప్పుడు నేను పెట్టినా జవాబు రాదు. నాకెంతో చేసిన మనిషి, ఆయన గురించి నాలుగు మాటలైనా మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నిన్న మా పాత రూంకు రంగు వేస్తున్నారు. గుమ్మంలో నిలబడి చూశాను. మామ మంచం ఉన్న చోట, గోడకు ఆయన తల ఆనించే దగ్గర, కొబ్బరినూనె మరక గుండ్రంగా ఉంది. పెయింటర్ దాని మీద తెల్లరంగు పూశాడు. ఆరేకొద్దీ మరక మళ్లీ పైకి తేలింది. అతను విసుక్కుని ఇంకో పూత వేశాడు. అదీ ఆరేదాకా నేను అక్కడే ఉన్నాను.

ఈసారి ఏమీ కనబడలేదు.