ఎడమ పెడల్‌కు ఉల్టా చూడి

మెట్‌పల్లి సైకిల్ మేస్త్రి చనిపోయాడని మా ఊరి చాయ్ హోటల్ అతను చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

"ఎవలు చెప్పిండ్రు?" అని అడిగాను.

"ఫోన్ల వచ్చింది మామా. ఫొటోకు దండ గూడ ఏసిండ్రు."

బతికున్నవాళ్ల ఫొటోలకు కూడా ఫోన్లలో దండలు వేస్తున్న రోజులు. చాయ్ సగంలో వదిలి, నా బ్యాటరీ సైకిల్ మీద మెట్‌పల్లి పోయాను. దుకాణం షట్టర్ దించి ఉంది. దించి ఉంటే ఏమైంది, జ్వరం వచ్చి ఉంటుంది అనుకున్నాను. పక్క దుకాణంలో బట్టలు కుట్టే ఆమె నన్ను చూసి మిషన్ ఆపింది. "నిన్న మాపటికే అయిపోయింది కాకా. గుండె. దవాఖానకు తీస్కపోయే సందు గూడ ఇయ్యలే" అన్నది. అప్పుడు నమ్మాను. దేన్నైనా నమ్మడానికి నాకు ఎప్పుడూ ఇంత ఆలస్యమే.

నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. రాసే అలవాటు లేదు. పదిమందిలో మాట్లాడే అలవాటు అసలే లేదు. కానీ ఆ మేస్త్రి మీద నేను ఒక అబద్ధం వేశాను. అది మా ఊరు దాటి పోయింది. ఆయన ఉండగా దాన్ని వెనక్కి తీసుకోలేదు. అందుకే రాస్తున్నాను.

నా సైకిల్ దుబాయి నుంచి వచ్చింది. చిన్నల్లుడు అక్కడ ఒక బంగ్లాకు వాచ్‌మన్. ఆ బంగ్లా సాబు దేశం విడిచిపోతూ తన సైకిల్ ఇతనికి ఇచ్చిపోయాడట. అల్లుడు కార్గోలో వేసి నాకు పంపాడు. గుట్టల మీద తొక్కే సైకిల్ అన్నాడు. లావు టైర్లు, కడ్డీ మీద బ్యాటరీ, పెడళ్ల నడుమ చైనును తిప్పే మోటరు. ఇంత మంచి వస్తువును ఎవరైనా ఊరికే ఇస్తారా, ఇందులో ఏదో తిరకాసు ఉందని నాకు అప్పుడే అనుమానం.

నాకు దాని అవసరం మాత్రం ఉంది. నా రెండెకరాల చెలక గుట్ట అవతల ఉంది. దారి ఎక్కుడు, మళ్లీ దిగుడు. మోకాళ్లు పోయాయి. చెలకను కౌలుకు ఇమ్మని ఇంట్లో రోజూ పోరు. గుట్ట ఎక్కగలిగితే చెలక నాది, లేకపోతే ఇంకొకరిది. అంతే సంగతి.

మొదటి రోజే సగం గుట్టలో మోటరు మూలిగి ఆగిపోయింది. దిగేటప్పుడు బ్రేకులు రెండు చేతులతో పిసికినా బండి జారుతూనే పోయింది. వాన పడ్డ నాడు ప్లాస్టిక్ పెడల్ మీద చెప్పు జారి పిక్క కొట్టుకుపోయింది. మా ఇంటామె పసుపు అద్దుతూ, "చెలకను కౌలుకిస్తవా, నన్ను ముండమోపిని చేస్తవా?" అన్నది.

అలా మేస్త్రి దగ్గరికి పోయాను. ఆయన ఇరవై ఏళ్లు సాంచాల మీద పనిచేసిన మనిషి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. అవి మూతబడ్డాక సైకిళ్ల దుకాణం పెట్టాడు. మగ్గాల చప్పుడులో అంత కాలం ఉండి కూడా చెవులు పాడుకాలేదు. చక్రం తిప్పి, కళ్లు మూసుకుని, చెవి దగ్గర పెట్టి వినేవాడు. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వాడేవాడు కాదు, సాంచాల మీద మిగిలిన దారం ఉండ ఒకటి జేబులో ఉండేది.

నా సైకిల్‌ను తలకిందులు చేసి పెట్టి చాలాసేపు చూశాడు.

"కాకా, దుబాయిల గుట్టలుంటయా?"

"నాకేమెరుక."

"ఉంటయేమో గని ఇది ఎక్కలే. రోడ్డు మీద తిరిగిన బండి ఇది. మోటర్‌ది తప్పు కాదు, పండ్లది తప్పు. చైను తిరిగే పండ్ల చక్రాలల్ల ముందటిదానికి పండ్లెక్కువ, ఎనుకదానికి తక్కువ. ముందట చిన్నది, ఎనుక పెద్దది ఏస్తే మెల్లగ పోతది గని ఎక్కుతది."

"మెల్లగ పోతే మోటర్ ఎందుకు?"

"ఆగిపోకుంట ఉండనీకి." తరువాత బ్రేకు పట్టీ మీద గోరు పెట్టి గీకాడు. "గీ తీగ బ్రేకు గీ బరువును ఆపది. నూనె బ్రేకులు ఎయ్యాలె. పెడళ్లు గూడ."

ఒక పన్ను నొప్పి అని పోతే మూడు పండ్లు పీకుతానన్నట్టు ఉంది నాకు. నూనె బ్రేకు అంటే నూనె కారదా? వాననీళ్లు కలవవా? అడగలేదు. అడిగితే తెలియనివాణ్ణని తెలిసిపోతుంది. విప్పిన సామాన్లు అన్నీ నాకే ఇయ్యాలని మాత్రం అన్నాను. ఆయన నవ్వి, "నీ పండ్లు నీకే ఇస్త తియ్యి" అన్నాడు. వాటిని యూరియా సంచిలో వేసి ఇచ్చాడు. ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

పని మూడు వారాలు పట్టింది. బ్రేకు పట్టగానే మోటరు దానంతట అదే ఆగాలట, దానికి మోటరుకు పోయే కరెంటు తీగ ఉన్న బ్రేకు పిడులే కావాలట, అవి కరీంనగర్‌లో దొరకలేదట, హైదరాబాద్ నుంచి రావాలట. "ఎక్కిచ్చేది మోటర్, దించేది బ్రేక్. అందరికి మోటర్ మీదనే పానం కాకా, బ్రేకును ఎవలు అడగరు" అన్నాడు. మాట బాగానే ఉంది. మాట బాగున్నవాళ్లంటేనే నాకు భయం.

ఒక అంగడి నాడు ముందుగా చెప్పకుండా పోయాను. ఆయన నా సైకిల్ మీద వీధిలో తిరుగుతున్నాడు. చెరకు రసం బండి చాటున నిలబడి చూశాను. కొంత దూరం ఉరికించి ఆపుతున్నాడు. మళ్లీ ఉరికించి మళ్లీ ఆపుతున్నాడు. ఇరవై సార్లు చూశాక బయటికి వచ్చాను.

"నా బండితోని తమాషా చేస్తున్నవా మేస్త్రీ?"

ఆయన సిగ్గుపడలేదు. "కొత్త పట్టీలు కాకా. రాపిడి పడితేనే పట్టుకుంటయి. ఇట్లనే ఇస్తే గుట్ట మీద బండి ఆగది, నువ్వు చెలకల దాకా ఆగవు."

చెరకు రసం అతను గట్టిగా నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ రోజే పెడళ్లు బిగించాడు. వెడల్పు ఇనుప పెడళ్లు, చెప్పు జారకుండా వాటి మీద చిన్న చిన్న ములుకులు. నేను పక్కన కూర్చుని మా బర్రె సంగతి చెబుతున్నాను. నేను అంత మాట్లాడడమే ఎక్కువ. బర్రె చూడిది, ఏడో నెల, దానికి పచ్చిగడ్డి కావాలంటే నేను చెలకకు పోవాలి, తొందరగా ఇయ్యి అన్నాను. కుడి పెడల్ బిగించి, ఎడమ దిక్కు వచ్చి, పానాను అటు కాకుండా ఇటు తిప్పసాగాడు. బిగించేటోడు ఎవరైనా అటు తిప్పుతాడు. ఈయన విప్పినట్టు తిప్పుతున్నాడు.

"గట్ల తిప్పుతున్నవేంది?"

"దీనిది గూడ చూడే కాకా," అన్నాడు నవ్వుతూ, "గని ఉల్టా చూడి."

మా దిక్కు చూడి అంటే కడుపుతో ఉన్న పశువు. నాకు తెలిసింది అదొక్కటే. నేను బర్రె గురించి చెప్తే నన్నే ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. మొహం వేడెక్కింది. ఇంకేం అడగలేదు. మరకు ఉండే మెలికను పని చేసేవాళ్లు చూడి అంటారని, సైకిల్‌కు ఎడమ పెడల్ మెలిక ఎదురుగా ఉంటుందని అప్పుడు నాకు ఎవరు చెబుతారు? చెప్పాడు కదా. నేనే వినలేదు.

ఇంటికి వచ్చాక మనసు ఆగలేదు. పెడల్ వదులుగా పెట్టి పంపితే మళ్లీ ఆయన దగ్గరికే పోవాలి. అదీ ఎత్తు అనుకున్నాను. మా బాపు నాటి పానా తెచ్చి, అందరూ బిగించే దిక్కే తిప్పాను. ముందు కదలలేదు. పైపు తొడిగి గుంజితే కదిలింది. తరువాత సులువుగా ఒక చుట్టు తిరిగింది. చూశావా, ఎంత వదులుగా పెట్టాడో అనుకున్నాను. రుజువు దొరికినట్టయింది. ఇంకొక చుట్టు తిప్పాను. ఇంతలో మా ఇంటామె అన్నానికి పిలిచింది.

మరునాడు గుట్ట ఎక్కాను. మోటరు ఆగలేదు. నేను దిగలేదు. పైకి పోయేసరికి ఏడుపు వచ్చింది, ఎవరూ లేరు కనుక ఏడ్చాను. దిగేటప్పుడు ఎడమకాలి కింద పెడల్ ఊడి ఎగిరిపోయింది. పడ్డాను. బ్రేకు రెండు వేళ్లతో పట్టినా నిలబడింది కాబట్టి తుప్పల్లో పడ్డాను, లేకుంటే రాళ్లల్లో పడేవాణ్ణి. మోచేయి చీరుకుపోయింది.

కుంటుకుంటూ చాయ్ హోటల్‌కు వచ్చి, జీవితంలో మొదటిసారి పదిమందిలో గట్టిగా మాట్లాడాను. "మేస్త్రి కావాల్నని లూజు పెట్టిండు. మల్ల పని దొరకాల్నని. నన్ను సంపుతుండె" అన్నాను. నా వంటి తక్కువ మాటల మనిషి చెప్పాడంటే నిజమే అనుకున్నారు అందరూ. ఆటో నడిపే అతను ఆ మాటను కోరుట్ల దాకా మోసుకుపోయాడు.

రెండో రోజు మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. తన పాత సైకిల్ మీద, పనిముట్ల సంచితో వచ్చాడు. నా మోచేయి చూశాడు. తరువాత పెడల్ ఊడిన చోట వేలు పెట్టి తడిమాడు. మెలికలు అన్నీ చీరుకుపోయి ఉన్నాయి. పైపు పెట్టి గుంజినప్పుడు పానా జారి పడ్డ గీత ఒకటి తళతళమంటున్నది.

"కాకా, దీనికి పానా ఎవలు పెట్టిండ్రు?"

"నేను పెట్టలే" అన్నాను.

పానా గోడకు ఆనించి ఉంది. పైపు దానికి తొడిగే ఉంది. ఆయన దాన్ని చూశాడు. నన్ను చూడలేదు. జేబులోంచి దారం ఉండ తీసి చేతులు తుడుచుకున్నాడు, చేతులకు ఏమీ అంటకున్నా.

"సరే. నాదే తప్పేమో" అన్నాడు.

పెడల్ ఉండే ఇనుప కాడ మొత్తం మార్చి, కొత్త పెడల్ బిగించాడు. ఈసారి నాకు కనబడేట్టు మెల్లగా, ఉల్టా తిప్పుతూ బిగించాడు. "ఎడమ దిక్కు మెలిక ఎదురుంటది. మనం బిగించినమనుకుంటే అది ఊడుతది" అన్నాడు, గోడకు చెప్పినట్టు. తరువాత చిన్న డబ్బీలోంచి తెల్లరంగు తీసి ఆ కాడ మీద ఒక బాణం గుర్తు వేశాడు. వెనక్కి తిరిగిన బాణం. మా ఇంటామె ఇచ్చిన మజ్జిగ తాగి పోయాడు.

ఆ తరువాత రెండేళ్లు మా ఊరి నుంచి ఎవరూ ఆయన దగ్గరికి పోలేదు, నేను తప్ప. నేను చెబుదామని పోయేవాణ్ణి. దుకాణం ముందు సైకిల్ ఆపి, "జర గాలి చూడు మేస్త్రీ" అనేవాణ్ణి. ఆయన బొటనవేలితో టైరు నొక్కేవాడు.

"గాలి మస్తున్నది కాకా. ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు."

ఎన్నిసార్లు పోయానో అన్నిసార్లు అదే మాట. ఒకసారి మాత్రం, "మీ ఊరోళ్లు ఈ నడుమ వస్తలేరు, అంత బాగేనా?" అన్నాడు. బాగే అన్నాను. నన్ను పరీక్ష చేస్తున్నాడా, నిజంగానే అడుగుతున్నాడా అని దారి పొడుగునా ఆలోచించాను. ఆయన ఇంట్లో నా గురించి ఏమేం చెప్పి ఉంటాడో అని నా అనుమానం.

చనిపోయిన మూడో నాడు వాళ్లింటికి పోయాను. గడపలో నిలబడి ఆయన భార్యను అదే అడిగాను, మంచి మాట అడిగినట్టు. "నా గురించి ఏమన్న అనేటోడా చెల్లే?"

ఆమె కొంచెం ఆలోచించింది. "గుట్ట కాకవేనా నువ్వు? ఈయేడు గూడ చెలక దున్నిండట అని సంబురపడేటోడు."

అంతే. ఇంకేమైనా దాస్తున్నదేమో అని ఆమె మొహంలోకి చూశాను. ఏమీ లేదు.

నేరుగా చాయ్ హోటల్‌కు వచ్చి, కూర్చోకుండానే చెప్పాను. "పెడల్ నేనే ఊడగొట్టుకున్న. మేస్త్రి మంచిగనే బిగించిండు. నేను అబద్ధమాడిన."

ఆటో అతను, "మరి రెండేండ్ల సంది నా సైకిల్ రిపేరుకు కోరుట్ల దాక ఎందుకు తీస్కపోతున్న మామా?" అన్నాడు. హోటల్ అతను గ్లాసు తుడుస్తూ, "ఆయన చెవుల పడేటప్పుడు చెప్తే అయిపోతుండె" అన్నాడు.

అక్కడ ఉన్నది ఆరుగురు. నా అబద్ధం విన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆయన చేతిలో బిగిసిన మర దానంతట అది ఎప్పుడూ ఊడలేదని తెలుసుకోండి.

ఇయ్యాల పొద్దున కూడా చెలకకు పోయాను. మోటరు మెల్లగా గుంజుతున్నది, వెనక పెద్ద పండ్ల చక్రం మీద చైను టకటకమంటున్నది. నేను తల వంచి ఎడమకాలి దిక్కే చూస్తూ తొక్కాను. రంగు సగం పోయింది. అయినా ప్రతి చుట్టులో ఆ తెల్లబాణం ఒకసారి పైకి వస్తుంది, నా మోకాలి దగ్గర కనబడుతుంది, మళ్లీ కిందికి పోతుంది.