దండేల దొడ్లో తీగ గులాబీ

మా ముత్తాత వెంకటాద్రి గారు మొవ్వ దగ్గర మా ఊరికి మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవారు లేచి నిలబడేవారు. మా తాతగారు సీతారామస్వామి గారికి ఏ పదవీ లేదు. అయినా కాలవ నీటి తగాదా వస్తే చుట్టుపక్కల ఊళ్లవారు ఆయన మాట కోసమే వచ్చేవారు. నేను గుడివాడలో నర్సరీ నడుపుతున్నాను. మొక్కలు అమ్ముతాను. బేరమాడను, ఎవరినీ ఆడనివ్వను. ఇన్నేళ్లలో చాలా ఇళ్లకు తీగ గులాబీలు ఇచ్చాను గాని, "మా ఇంటికి ఏ రకం బాగుంటుందండీ" అని ఎవరడిగినా నా కళ్ల ముందుకొచ్చేది పెడనలోని ఒక దొడ్డే.

మూడేళ్ల కిందటి కార్తీకమాసం. ఒక ఉదయం నాగలక్ష్మి అనే అమ్మాయి నర్సరీకి వచ్చింది. వాళ్లది కలంకారీ అద్దకం ఇల్లు. మామగారు వీరభద్రం గారు టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతారు, ఈమె వాటితో బట్ట మీద అద్దుతుంది. వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి.

"తీగలా పాకే గులాబీ కావాలండీ. ముళ్లుండకూడదు."

"గులాబీ కొనడానికి వచ్చి ముళ్లు వద్దంటే ఎలాగమ్మా?"

"మా దొడ్లో తడిబట్టలు ఆరేస్తామండీ. గాలికి ఎగిరి ఒక్కటి ముల్లుకి చిక్కిందనుకోండి, మా అత్తయ్య ముందు మొక్కని పీకుతారు, తర్వాత నన్ను."

నవ్వుతూనే చెప్పింది గాని, మొక్క ఎందుకని అడిగేసరికి ఆ నవ్వు లేదు. ఆ ఇంట్లో అచ్చులన్నీ మామగారివీ, ఆయన తండ్రివీ. తాను గీసిన గులాబీ తీగ ఒక అంచుగా అచ్చు కావాలని ఆమె కోరిక. ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, కళ్లెదుట పెరగనిదాన్ని చెక్కరు. ఆమె ఫోనులో బొమ్మ చూపిస్తే వీరభద్రం గారు, "ఈ పువ్వుకి వెనకవైపు లేదమ్మా" అన్నారట. ఆయన చూపు మందగిస్తోంది. మరో ఏడాది తర్వాత ఉలి పట్టలేనని ఆయనే చెప్పారు. ఆ ఇంట్లో ఆయన తర్వాత చెక్కేవారు లేరు.

స్థలం చూడకుండా నేను తీగ గులాబీ ఇవ్వను. ఆ వారమే పెడన వెళ్లాను. పొడవాటి దొడ్డి. ఈ చివర నుంచి ఆ చివరకు వెదురు దండేలు. వాటి మీద అప్పుడే ఉతికి తెచ్చిన తెల్లబట్టలు. బందరు వైపు నుంచి వచ్చే గాలికి అవన్నీ ఒకేసారి నిండి, ఒకేసారి వాలిపోతున్నాయి. వాటి మధ్య నడుస్తుంటే కాసేపు నేనెక్కడున్నానో తెలియలేదు. బట్ట నానబెట్టిన కరక్కాయ వాసన, తడినూలు వాసన, ఎక్కడో బల్ల మీద అచ్చు పడుతున్న చప్పుడు. తూర్పు గోడ పక్కన రెండు గజాల ఖాళీ మట్టి. ఉప్పెక్కిన నల్లమట్టి.

తీగ గులాబీని మేం క్లైంబర్ అంటాం. నిజానికి అది తీగ కాదు. మల్లెలా మెలిక వేసి పట్టుకోలేదు, కాకరలా నులితీగలూ లేవు. దానికి ఉన్నవి పొడవాటి కొమ్మలు. వాటిని కేన్లు అంటాం, మనమే కట్టాలి. నా దగ్గర మూడు రకాలున్నాయి. పెద్ద ఎర్రపూలది అందరూ మొదట అడుగుతారు, కాని దాని కేను బిరుసు, వంచితే విరుగుతుంది. తెల్లపూల గుత్తులది ఏడాదికి ఒక్క విడతే పూస్తుంది. మూడోది లేత గులాబీరంగు, చిన్న పువ్వు, ముళ్లు దాదాపు లేవు. కేను మెత్తగా చెప్పినట్టు వంగుతుంది. అదే నాటించాను.

"నిటారుగా కట్టకండి," అని వీరభద్రం గారికి చెప్పాను. "నిలువుగా పోతే కొసన మాత్రమే పూస్తుంది. ఆ పూలు పక్కింటి మేడ మీదవాళ్లకే. అడ్డంగా వంచి కడితే ప్రతి కణుపూ పూతకొస్తుంది."

ఆయన కళ్లద్దాలు పైకి తోసి నన్ను ఎగాదిగా చూశారు. "మీరేమో ఇంత నిటారుగా నిలబడి, మొక్కనేమో వంగమంటున్నారా బాబుగారూ?"

అరుగు మీద నుంచి ఆయన భార్య ఆదెమ్మ గారు అందుకున్నారు. "నవ్వులు తర్వాత. ఒక్క బట్ట చిరిగినా మొక్క ఉండదు. ముందే చెప్తున్నా."

"అలాగే అత్తయ్యా," అంది నాగలక్ష్మి. అలాగే అన్న తీరు చూస్తే, రేపటి నుంచి ఆ మొక్కకు కాపలా కాసేలా ఉంది.

మొక్క బాగా లేచింది. మాఘంలో నాగలక్ష్మి ఫోను చేసి, ఆకులు పాలిపోతున్నాయనీ, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయనీ చెప్పింది. దీన్ని క్లోరోసిస్ అంటాం. మట్టిలో ఉప్పు, సున్నం ఎక్కువైతే వేరు ఇనుమును తీసుకోలేదు. మందు తెస్తాను, ఈలోగా ఏమీ చేయవద్దని చెప్పాను. నేను వెళ్లేసరికి ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. కేను చివరలు నల్లబడ్డాయి. మొదలు దగ్గర మట్టి నల్లగా తడిసి, పుల్లటి వాసన వేస్తోంది.

"ఏం పోశారు?" అన్నాను.

 ఆదెమ్మ గారే చెంగు బిగించుకుని ముందుకొచ్చారు. "నేనే పోశానండీ. మీరు ఫోనులో దానికి ఇనుము తక్కువన్నారట. నాకు రక్తం తక్కువైతే డాక్టరుగారు ఐరన్ మాత్రలిచ్చారు. మన నల్లరంగు కుండలో ఉన్నదంతా ఇనుమే కదా, అంత మాత్రం చెయ్యలేనా అని..."

అద్దకంలో నల్లరంగు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. కుండెడు పోశారావిడ. రోగం సరిగానే పట్టుకున్నారు, మోతాదే తెలియలేదు.

 నాగలక్ష్మి మొక్క పక్కన గొంతుక్కూర్చుని నల్లమట్టిని చేత్తో తోడుతోంది. ఆదెమ్మ గారు కూడా వచ్చి పక్కన కూర్చుని తోడసాగారు. "పీకేస్తానన్నదాన్ని నేనే, చంపిందాన్నీ నేనేనా," అని గొణుక్కుంటున్నారు.

పైమట్టి తీయించి, కుళాయి నీళ్లతో మొదలు కడిగించి, చెరువు మట్టీ పశువుల ఎరువూ కలిపి పోయించాను. నల్లబడిన కేన్లు కోసేశాను. ఇక మిగిలింది ఎదురుచూడడం. ఉగాది ముందు ఒక పిలక వచ్చింది. నర్సరీ గులాబీ రెండు మొక్కల కలయిక. కింద మొండి అడవి గులాబీ, దాన్ని రూట్‌స్టాక్ అంటాం. దాని మీద మనకు కావలసిన రకాన్ని అంటుకడతాం. పిలక అంటు కింద నుంచి వస్తే అది అడవిదే, ఎంత పెంచినా మన పువ్వు పూయదు. మట్టి పక్కకు తీసి చూడమంటే నాగలక్ష్మికి చేతులు రాలేదు. నేనే తీశాను. అంటుకి వేలెడు పైన ఉంది.

"మనదేనా?" అని అడిగారు వీరభద్రం గారు, ముఖం బాగా దగ్గరకు తెచ్చి.

"మనదే."

వానాకాలమంతా ఆ కేన్లను ఆదెమ్మ గారే బట్ట అంచుల పేలికలతో గోడ మీద నిలిపిన వెదురు బద్దలకు అడ్డంగా కట్టారు. మరుసటి శీతాకాలం నన్ను రమ్మని కబురు పెట్టారు. పొద్దెక్కుతున్న వేళ వెళ్లాను. తూర్పు గోడ పైన పొడవునా కణుపు కణుపునా పూలు. ఎండ వాటి వెనక నుంచి వచ్చి, ఎదుటి దండెం మీది తడి తెల్లబట్ట మీద తీగ నీడను పరిచింది. ఆ నీడ బట్టతోపాటే ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. నాగలక్ష్మి బట్టను అరచేత్తో బిగపట్టి, బొగ్గుముక్కతో ఆ నీడ వెంట గీస్తోంది. వీరభద్రం గారు పువ్వులు చూడడం లేదు. ఒక్కో రెమ్మనూ వెనక్కి తిప్పి, వేలి కొసతో తడుముతున్నారు.

గీత చివర వేలు పెట్టి ఆయన, "అచ్చు పక్కన అచ్చు వేసినప్పుడు ఈ కొస వెళ్లి ఆ మొదట్లో కలవాలమ్మా. లేకపోతే అంచు తెగుతుంది," అన్నారు.

"కలిపానండీ మావయ్యా. చూడండి."

ఆయన బట్టను కళ్లకు ఆనించుకుని చూశారు. "రేపు చెక్క కోయిస్తాను," అన్నారు. ఆదెమ్మ గారు లోపలికి వెళ్లి నాకు కుర్చీ తెచ్చి వేశారు. నేను కూర్చోలేదు. ఆ నీడ బట్ట దిగి వెళ్లేవరకూ నిలబడే ఉన్నాను.

ఆ అచ్చు ఆయన చెక్కిన చివరి అచ్చు. దాన్ని ఆ ఇంట్లో కోడలి తీగ అంటారు.

ఈ వృత్తిలో నేను తెలుసుకున్నదేమిటంటే, తీగ గులాబీని పువ్వును చూసి ఎంచుకోకూడదు. ఆ ఇంట్లో రోజూ ఏ పని జరుగుతుందో చూసి, ఆ పనికి ఏ కేను వంగుతుందో చూసి ఎంచుకోవాలి. పువ్వు తర్వాత దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు ఆ లేత గులాబీ రకం ఎవరైనా అడిగితే నేను పెడన వెళ్లి నాగలక్ష్మిని అడిగి రెండు రెమ్మలు తెచ్చుకుని అంటుకడతాను. రెమ్మలు కోసుకునే నా తల్లిమొక్కలు ఒకప్పుడు ఉన్న అర ఎకరం మా తాతగారి భూమిలో చివరి ముక్క. దాన్ని పోయిన వేసవిలో రొయ్యల మేత గోడౌను కోసం అమ్మేశాం.