కింది వరస

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఎదురింటి పెద్దాయన కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రాష్ట్ర శాసనసభకు మా నియోజకవర్గం నుంచి ముప్పై ఏళ్లుగా ఎవరెవరు గెలిచారో, ఎవరు ఎందుకు ఓడారో ఆయనకు కంఠోపాఠం. వినీ వినీ మాకు విసుగొచ్చేది. నాకు సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఓటు వేయడానికి నన్ను తనే తీసుకెళ్లారు.

"ప్రెసిడెంట్‌కి వేసేసి వచ్చేయకమ్మా. అదే బ్యాలెట్‌లో కింది వరస చూడు, శాసనసభకీ స్కూలు బోర్డుకీ నిలబడ్డవాళ్ల పేర్లుంటాయి. మన రోడ్లు, మన స్కూళ్లు అన్నీ అక్కడే ఉంటాయి" అన్నారు, గాల్లో వేలిని కిందికి దింపుతూ. తర్వాత ప్రతి ఎన్నికకూ అదే మాట, అదే వేలు.

కొన్నాళ్లకు నియోజకవర్గాల హద్దులు మార్చారు. కొత్త గీత సరిగ్గా మా వీధి మధ్యనుంచి పోయింది. మా ఇల్లు పాతదాంట్లోనే ఉండిపోయింది. ఆయన ఇల్లు పక్క నియోజకవర్గంలో కలిసింది.

ఆ నవంబరులోనూ నన్ను పాత పోలింగ్ స్కూలుకి తీసుకెళ్లారు. తన ఓటు అక్కడ లేదు కాబట్టి కార్లోనే కూర్చున్నారు. ఆ తర్వాత ఆయనకు కొత్త పోలింగ్ కేంద్రంగా ఇచ్చిన చర్చికి వెళ్లాం. ఐదు నిమిషాల్లో బయటికొచ్చి, కారు స్టార్ట్ చేయకుండా స్టీరింగ్ మీద చేతులు ఆనించారు.

"ఏమైంది అంకుల్?"

"పేర్లన్నీ చదివానమ్మా. ఒక్కరూ తెలీదు. మళ్లీ మొదట్నుంచీ నేర్చుకునే ఓపిక నాకు లేదు."

ఈసారి వేలు లేవలేదు.

"కింది వరస వదిలేశాను. నువ్వు వేశావు కదా?"