ఫ్రిజ్ దగ్గర మొదలయ్యే షికాగో

నా చిన్నప్పుడు అమెరికా మా ఇంటికి శుక్రవారం శుక్రవారం వచ్చేది. చర్చిలో తెలుగు ఆరాధన అయిపోయాక, చెప్పులు గుమ్మం బయట విడిచి, "అక్కా, అన్నం ఉందా?" అంటూ నేరుగా వంటింట్లోకి నడిచేది. ఆవిణ్ణి నేను పిన్ని అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. తొంభైల చివరి మాట ఇది. మా అమ్మ కువైట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. నాన్న షర్క్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. మేము హవల్లీలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పిన్ని సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. అమ్మదీ ఆవిడదీ కోనసీమలో పక్కపక్క ఊళ్ళు. చర్చి మెట్ల మీద ఒకరి యాస ఒకరు విని గుర్తుపట్టుకున్నారట.

పిన్ని పనిచేసే ఇంటి యజమానురాలిని, అమ్మగారు అన్నట్టుగా, అక్కడి పనివాళ్ళందరిలాగే మేమూ మామా అనేవాళ్ళం. మామా పెద్దకొడుకు షికాగోలో చదువుకుంటుండేవాడు. ఏటా ఎండాకాలం వాళ్ళంతా అక్కడికి వెళ్ళి, అతని ఫ్లాట్‌లోనే ఉండి, చలి మొదలయ్యేలోగా తిరిగి వచ్చేవాళ్ళు. వంటకు పిన్నిని వెంట తీసుకెళ్ళేవాళ్ళు. అలా మా బిల్డింగు మొత్తానికి అమెరికాను కళ్ళారా చూసిన మనిషి మా పిన్ని ఒక్కతే.

చూడనివాళ్ళకే ఎక్కువ తెలుసు మరి! అమెరికా సైన్యం వచ్చి కువైట్‌ను విడిపించిన యుద్ధం అయ్యాక అక్కడ ఆ దేశం పేరెత్తితే చాలు, ఎవరికైనా మొహంలో ఒక మర్యాద వచ్చేది. అక్కడ అందరూ వరసలో నిలబడతారని, ఎవరూ ఎవరినీ తొయ్యరని నాన్న తానే నిలబడి వచ్చినట్టు చెప్పేవాడు. అక్కడ డాక్టర్లు నర్సును కసురుకోరని అమ్మ వార్డులో విని వచ్చేది. మామాకేమో ఆ ఊరు అస్సలు పడదు. బూట్లతో మంచమెక్కే మనుషులట, కుక్క మూతిని ముద్దుపెట్టుకుంటారట, ఇంటికొచ్చిన వాళ్ళకు కాఫీ ఇవ్వరట. తిట్టుకుంటూనే ఏటా పెట్టెలు పెట్టెలు కొనుక్కొచ్చేది.

పిన్ని అమెరికా వీటన్నిటికీ వేరు. కంచం ముందు పెట్టుకుని మొదలుపెట్టేది.

"ఇదిగో ఇను. లిఫ్టులో సూటేసుకున్నోడు ఎక్కుతాడు. ఎలా ఉన్నావంటాడు. చెప్దారి కదాని నోరు తెరిచేలోగా దిగి ఎల్లిపోతాడు! ఇనే ఓపిక లేనోడు అడగడం దేనికే?"

నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఇంకా ఎన్నో చెప్పేది. ఇళ్ళ మధ్య ఇనుప స్తంభాల మీద పోయే రైళ్ళు, వాటి కింద కార్లు. సముద్రమంత చెరువు, దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుంటే ఉప్పు లేదట. కుక్క పెంటను కవర్లో మూటగట్టుకుని దర్జాగా నడిచే పెద్దమనుషులు. పార్కు బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉడతలతో కబుర్లాడే ముసలమ్మలు. నడుస్తూనే తినేసే జనం. "కూకుని తిందారంటే ఇంట్లో వడ్డించేవోళ్ళు లేరో ఏంటో, పాపం" అని జాలిపడేది.

ఒక్క మాట మాత్రం ప్రతిసారీ చెప్పేది. "అక్కడ నన్ను ఎవరింట్లో పని చేత్తన్నావని ఎవరూ అడగలేదే. దారి అడిగితే దారి చెప్పారు. అంతే." కువైట్‌లో ఎక్కడికి వెళ్ళినా ముందు అడిగేది అదే. నీ కఫీల్, అంటే నీకు వీసా ఇచ్చిన యజమాని, ఎవరు? ఎవరి పేరు మీద ఉన్నావు? నాకు అందులో గొప్పేమిటో అర్థమయ్యేది కాదు. "అది సరేగానీ ఉడతల గురించి చెప్పు పిన్నీ" అనేదాన్ని.

అన్నాలయ్యాక షికాగో ఆట. ఇది పిన్నే కనిపెట్టింది. మా ఫ్రిజ్ అంటే మామా కొడుకు ఉండే ఎత్తైన బిల్డింగు. సోఫా చెరువు. డైనింగ్ టేబుల్ రైలు వంతెన. బాల్కనీ తలుపు ఒక చర్చి. దాన్ని పిన్ని నిజంగానే చూసిందట. ఆకుపచ్చ తలుపున్న చర్చి, మెట్ల మీద నిలబడి మాట్లాడుకునే మన రంగు ఆడవాళ్ళు. నేను ఒకసారి పోలీసును, ఒకసారి బస్సు డ్రైవర్ని, ఒకసారి ఉడతల ముసలమ్మను. పిన్ని ఎప్పుడూ దారి తప్పిన మనిషే. నన్ను ఇంగ్లీషులో దారి అడగాలి. తప్పు మాట్లాడితే మా టీచరులాగా స్కేలు ఊపేదాన్ని. నాలుక తిరిగేదాకా అదే మాట మళ్ళీ మళ్ళీ అనేది. తోబుట్టువులు లేని పిల్లనని, నాకోసం అంత పెద్ద మనిషి టేబుల్ కింద పాకుతోందని నేను పొంగిపోయేదాన్ని. బళ్ళో అందరి దగ్గరా డప్పు కొట్టుకున్నాను కూడా.

మామా చెడ్డ మనిషని నేననను. శుక్రవారం సెలవిచ్చేది, డ్రైవరుతో చర్చికి పంపేది. ఆ రోజుల్లో ఆ మాత్రం చేసేవాళ్ళే తక్కువ. కానీ పిన్ని పాస్‌పోర్టు మామా బీరువాలోనే ఉండేది. ఊళ్ళో పిన్ని వాళ్ళమ్మ పోయిన కబురు వచ్చినప్పుడు, రంజాన్ అయ్యాక వెళ్దువుగానిలే అంది మామా. రంజాన్ అయింది. ఇంకేదో వచ్చింది. పిన్ని ఊరు వెళ్ళనే లేదు. ఆ తర్వాత ఆ మాట ఎత్తడం కూడా మానేసింది. షికాగో ఆట మొదలైంది ఆ తర్వాతే. ఈ రెంటినీ నేను చాలా కాలానికి గానీ కలిపి చూడలేదు.

ఆట అయ్యాక నాకు జడ వేసేది. నా జుట్టు నడుము దాటి ఉండేది, ఒత్తుగా. అమ్మకు డ్యూటీలతో తీరిక లేదు. చెమటకాయలు లేస్తున్నాయంటూ కత్తిరించి పారేస్తానని ఎప్పుడూ బెదిరించేది. ఆ యేడు వేసవిలో షికాగో ప్రయాణానికి ముందు శుక్రవారం పిన్ని ఎన్నడూ లేనిది రెండుసార్లు విప్పి రెండుసార్లు అల్లింది. "మీ అమ్మని కత్తెర పట్టుకోనివ్వకు. బడి తెరిచేసరికి ఒత్తాను. నీ జడ నేనే వేత్తాను" అంది. "ఒట్టు?" అన్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

ఆ వేసవంతా అమ్మతో యుద్ధమే. మెడ వెనక పొక్కులు లేచినా నేను ఒప్పుకోలేదు. బడి తెరిచారు. జుట్టు రబ్బరు బ్యాండుతో ముడేసుకుని వెళ్ళాను. ఒక శుక్రవారం పోయింది, ఇంకోటి పోయింది. గుమ్మం బయట చెప్పుల చప్పుడైతే పరుగెత్తేదాన్ని.

ఒకనాటి సాయంత్రం వచ్చింది పిన్ని కాదు, మామా. మా ఇల్లు డ్రైవరుకు తెలుసు కదా. అతను మెట్ల దగ్గరే ఆగిపోయాడు. మామా నల్లని అబాయాలో వచ్చి మా చెరువు మీద, అంటే సోఫా మీద కూర్చుంది. అమ్మ ఇచ్చిన టీ ముట్టుకోలేదు. అమ్మకు వార్డులో నేర్చుకున్న అరబీ వచ్చు. ఒక్కో ముక్కా నాన్నకు తెలుగులో చెబుతుంటే నేనూ విన్నాను.

"షికాగోలో బట్టలు ఉతకడానికి మెట్ల మీదుగా కింది గదికి వెళ్ళింది. పది నిమిషాల్లో వస్తానంది. రాలేదు. వెళ్ళి చూస్తే అన్నీ మడతపెట్టి బుట్టలో పెట్టి ఉన్నాయి. నా కొడుకు చొక్కాలతో సహా. మనిషి లేదు."

ఆ పైన మామా గొంతు మారింది. "దానికి అమెరికా అంటే భయం! ఒక్కతే లిఫ్టు ఎక్కేది కాదు. రోడ్డు దాటాలంటే నా అబాయా పట్టుకునేది. ఈ ఊళ్ళో నన్ను వదిలెయ్యకు మామా అని ఏడ్చేది. దీన్ని ఒంటరిగా వదలకురా, బెంగపెట్టుకుని చస్తుందని నా కొడుక్కి చెప్పాను. అక్కడి చల్లగాలికి కోటు కొన్నాను!"

లిఫ్టు గురించి చెప్పి నన్ను నవ్వించిన పిన్నికి లిఫ్టంటే భయమా? మామాకు ఒక అమెరికా, నాకు ఒక అమెరికా చెప్పింది. ఏది నిజం? తలెత్తి చూస్తే ఎదురుగా ఫ్రిజ్. అప్పుడు తట్టింది. ఆటలో పిన్ని ఎప్పుడూ ఫ్రిజ్ దగ్గరే మొదలుపెట్టేది. చెరువు పక్కనుంచి వెళ్ళేది, వంతెన కింద దూరేది, చర్చి తలుపు చేరేది. ఒక్కసారి కూడా ఫ్రిజ్ దగ్గరికి తిరిగి రాలేదు. అది నాకోసం ఆడిన ఆట కానే కాదు. నేను బడిపిల్లను కాబట్టి, ఎందుకని అడక్కుండా ఇంగ్లీషు నేర్పేదాన్ని కాబట్టి ఆడింది.

"మీకు తెలియకుండా ఉండదు. నేను రిపోర్టు ఇచ్చానంటే మీ ఇఖామాల సంగతి మీరే చూసుకోవాలి" అంది మామా. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం; అది లేకపోతే అమ్మ ఉద్యోగం లేదు, నా బడి లేదు, ఆ ఇల్లే లేదు. అమ్మ లేచి వెళ్ళి బైబిలు తెచ్చి, దాని మీద చెయ్యి వేసి, నాకు ఒక్క ముక్క తెలియదు మామా అంది.

అప్పుడు మామా నా వైపు తిరిగింది. నన్ను దగ్గరకు తీసుకుని ఇంగ్లీషులో అడిగింది. "నీ గురించే చెప్పేది ఎప్పుడూ. ఎక్కడికి వెళతానని చెప్పింది నీకు?"

ఆకుపచ్చ తలుపు నా నాలుక చివరన ఉంది. చెప్పెయ్యాలనిపించింది. మామా మీద జాలితో కాదు, పిన్ని మీద కసితో. నన్ను ఇంత వెర్రిదాన్ని చేస్తుందా! వంతెన, చెరువు, చర్చి మెట్లు, అన్నీ కక్కేద్దామని నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది వేరే.

"వచ్చి నాకు జడ వేస్తానంది."

అంతే, బావురుమన్నాను. వెక్కిళ్ళు ఆగలేదు. నేను మామా ప్రశ్నను తప్పించుకోవాలని ఏడవలేదు. ఆ క్షణాన నన్ను కోస్తున్నది అదొక్కటే.

మామా నా జుట్టు కొసను చేతిలోకి తీసుకుంది. "నాకూ చెప్పింది, పది నిమిషాల్లో వస్తానని" అంది. కళ్ళు తుడుచుకుంది. "ఖలాస్" అని లేచింది. ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు.

తలుపు వేయగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను. పిన్ని నన్ను మోసం చేసింది అన్నాను.

"చేసింది," అంది అమ్మ. "నన్నూ చేసింది. చెప్పి ఉంటే ఇందాక బైబిలు మీద చెయ్యి వేయగలిగేదాన్నా? నిజం తెలియకుండా ఉంచి పోయింది మనల్ని. తెలిస్తే మనం మునిగేవాళ్ళం."

"మరి జడ వేస్తానని ఎందుకు చెప్పింది? అది చెప్పకపోతే ఏమయ్యేది?"

నేనే వెళ్ళి కత్తెర తెచ్చి అమ్మ చేతికిచ్చాను. పొక్కుల మీద పడకుండా అమ్మ మెల్లగా కత్తిరించింది. ఏడ్చింది ఆవిడే, నేను కాదు.

పిన్ని నుంచి ఆ తర్వాత ఏ కబురూ లేదు. వయసు వచ్చాక ఆవిడ చేసిందంతా నాకు అర్థమైంది. ఆవిడకు వేరే దారి లేదని ఒప్పుకుంటాను. అయినా మంట పోలేదు. అర్థమైతే నొప్పి తగ్గుతుందని ఎవరన్నారో గానీ నా విషయంలో అది జరగలేదు. ఎవరైనా ఫలానా ఊరు అద్భుతం అనో, మనుషులుండే చోటే కాదనో చెబుతుంటే, ఈ మనిషి ఇది ఎవరితో చెబుతున్నాడు, ఎందుకు చెబుతున్నాడు అని ఇప్పటికీ చూస్తాను. మామాను ఏమార్చిన అమెరికా, నన్ను నవ్వించిన అమెరికా ఒకే నోటి నుంచి వచ్చాయి కదా.

పోయినేడాది ఆఫీసు పని మీద షికాగో వెళ్ళాల్సి వచ్చింది. ఇనుప స్తంభాల మీద రైళ్ళున్నాయి. చెరువు నీళ్ళు దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకున్నాను, ఉప్పు లేదు. ఆకుపచ్చ తలుపు చర్చి కోసం వెతకలేదనే అందరికీ చెప్పాను. కానీ చర్చి కనబడిన ప్రతిచోటా నా కాళ్ళు ఆగాయి. హోటల్ లిఫ్టులో సూటు వేసుకున్న ఒకాయన ఎక్కి, ఎలా ఉన్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా దిగి వెళ్ళిపోయాడు. లిఫ్టు అద్దంలో నేనొక్కదాన్నే మిగిలాను, అక్కడక్కడా నెరిసిన పొట్టి జుట్టుతో. అమ్మ కత్తిరించిన ఆ రోజు తర్వాత దాన్ని మెడ దాటనివ్వలేదు. నువ్వు చెప్పినవన్నీ నిజమే పిన్నీ, అనుకున్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పింది తప్ప.