తాడు మీద పేరు

అలివి వల లాగేటప్పుడు పాట ఎత్తేవాడికి ఉన్న చనువు అక్కుపల్లి ఒడ్డున ఇంకెవరికీ ఉండదు. సముద్రంలో చుట్టూ తిప్పి వదిలిన వలకు రెండు తాళ్ళు. ఒక్కో తాడు పట్టుకుని ఒక్కో వరస జనం, ఆడా మగా. పాటవాడు ముందు నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి ఎగతాళి చేస్తాడు. ఒకడి బొజ్జ, ఒకడి గురక, ఒకడు అత్తారింట్లో తిన్న కోడికూర. మాట పడ్డవాడు తల వంచుకుని నవ్వుకుంటాడు, ఇంకాస్త బలంగా లాగుతాడు. మిగతావాళ్ళు ‘ఐసా’ అంటారు. వల ఒడ్డెక్కాక ఆ మాట ఎవరూ ఎత్తరు. మర్నాడు వేరే మాట పుడుతుంది.

యువరాజు 2006లో ఊరికి తిరిగొచ్చి తాడు చివర నిలబడ్డాడు. అప్పటికి అతని తల్లి పోలమ్మ పోయింది. ఇంట్లో అతనొక్కడే. ఆ రోజు పాట ఎత్తింది సన్యాసి, అతనికి మావ వరస. సన్యాసి వరసంతా చుట్టబెట్టుకొచ్చాడు. యువరాజుకు ముందున్న ఢిల్లేశ్వరరావు గురక దాకా వచ్చి, అక్కడ తిరిగి మొదటికి వెళ్ళిపోయాడు. మర్చిపోయాడేమో అనుకున్నాడు యువరాజు. మర్నాడూ అంతే. ఆ సీజనంతా అతన్ని లాగనిచ్చారు, వాటా చేపలు ఇచ్చారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. తాడు మీద అతని పేరు మాత్రం రాలేదు. వరస తన దగ్గరికి వచ్చేసరికి ప్రతిరోజూ అతని చేతులు తాడు మీద బిగుసుకునేవి.

వయసులో ఉన్నప్పుడు ఆ ఒడ్డున సన్యాసికి వంతపాట అతనిదే. తర్వాత విశాఖ రేవులో ఐసు మొయ్యడానికి వెళ్ళాడు. అక్కడొక క్యాసెట్ల కొట్టులో నల్లజాతి కుర్రాళ్ళెవరో పాడకుండా గబగబా మాట్లాడుతుంటే, వెనక డప్పులాంటి దెబ్బ పడుతుంటే విన్నాడు. భాష తెలియలేదు. ‘ఇదేటి, మా మావ సేసీదే కదా’ అనుకున్నాడు. సాయంత్రాలు ఒక డాన్సు ట్రూపు వెంట తిరిగాడు. పొడుగు చొక్కా, వెనక్కి తిప్పిన టోపీ, రాప్ యువ అనే పేరు వాళ్ళిచ్చినవే. మాటలు మాత్రం తన ఒడ్డువి.

1999లో క్యాసెట్ చేశారు. రికార్డింగు రోజున కంపెనీ మనిషి అన్నాడు. "ఈ పేర్లన్నీ ఎందుకయ్యా? తీసెయ్. వినేవాళ్ళకి వీళ్ళెవరో తెలీదు."

"పేర్లు లేకపోతే తాడు కదల్దండి," అన్నాడు యువరాజు. ఎంత చెప్పినా వినలేదు. పేర్లు ఉండిపోయాయి.

అందులో అన్నిటికంటే ఎక్కువ ఆడింది ఈ ముక్క:

*సిన్నమ్మి మొగుడేడి? — ఐసా!*
*కేకకి జడిసి, పడవ కింద — ఐసా!*

చిన్నమ్మి అతనికి వదిన వరస. ఆమె గొంతు పెద్దది. భర్త సూర్యం నెమ్మదస్తుడు. ఈ ముక్క వచ్చినప్పుడల్లా ఒడ్డున అందరికంటే ముందు నవ్వేది సూర్యమే. క్యాసెట్ రాగానే పలాసలో కొని, వీధిలో వాళ్ళందరినీ పిలిచి వినిపించాడు. "సూడండ్రా, నా పిరికితనం బజారుకెక్కింది" అని మురిసిపోయాడు.

ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా బస్సుల్లో, టీ దుకాణాల్లో, జీడిపప్పు బట్టీల్లో ఆ క్యాసెట్టే మోగింది. అమ్మవారి పండగలకు రాప్ యువ కోసం ట్రూపును పిలిచేవారు. రెండేళ్ళు అతనికి ఊరు గుర్తు రాలేదు.

ఆ రెండేళ్ళలోనే ఒక ఉదయం కెరటాల్లో పడవ తిరగబడి సూర్యం దాని కింద చిక్కుకుని చనిపోయాడు. యువరాజు బరంపురంలో ప్రోగ్రాం ఉందని దినానికి కూడా రాలేదు. ఒడ్డున సన్యాసి ఆ ముక్క వదిలేశాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, తాడు మీద మాట అలాగే పోతుంది. క్యాసెట్లో మాట పోలేదు.

మైల తీరాక చిన్నమ్మి చేపల గంపతో పలాస బస్సెక్కింది. డ్రైవరు క్యాసెట్ పెట్టాడు. *సిన్నమ్మి మొగుడేడి?* వెనక సీట్లలో కాలేజీ పిల్లలంతా ‘ఐసా’ అన్నారు. ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు. ఆమె జీడితోటల మధ్య బస్సాపించి, గంప దించుకుని, నడిచి ఇంటికొచ్చేసింది. మళ్ళీ పలాస వెళ్ళలేదు. దగ్గర పల్లెల్లో కాలినడకన అమ్ముకుంటోంది.

ఇదంతా తల్లి పోలమ్మ విశాఖ వచ్చి చెప్పింది. "ఆ పాట ఆపించీరా, నీ కాళ్ళట్టుకుంతాను."

అతను కంపెనీకి పరిగెత్తాడు. వాళ్ళు నవ్వారు. మేం ఆపినా ఏం లాభం, ప్రతి కొట్టువాడూ కాపీలు తీసి అమ్ముతున్నాడన్నారు. చేతనైంది ఒక్కటే, తను స్టేజీ మీద ఆ ముక్క మానేశాడు. టెక్కలిలో జనం అదే కావాలని అరిచి, పాడకపోతే మట్టిబెడ్డలు విసిరారు. తర్వాత పిలుపులు తగ్గాయి. డీజే బాక్సులొచ్చాక ట్రూపే లేకుండా పోయింది. రాప్ యువ మానేశాడని ఎవరూ అనుకోలేదు, ఎవరికీ గుర్తు లేదు గనక.

తిరిగి ఊరొచ్చిన వారానికి యువరాజు చిన్నమ్మి ఇంటికి వెళ్ళాడు. ఆమె గుమ్మంలో వల బాగు చేసుకుంటోంది.

"ఒదినా..."

"ఏటి కావాల? మంచినీల్లా?" లోపలికెళ్ళి గ్లాసు తెచ్చిచ్చింది. అతను తాగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బయటికి రాలేదు.

మరుసటేడు సన్యాసి కిడ్నీలు పాడై మంచం పట్టాడు. ఢిల్లేశ్వరరావు పాట ఎత్తి చూశాడు. రెండు వరసలూ జతపడలేదు. ఒక తాడు ముందొచ్చి, ఒకటి వెనకబడి, వల మెలిపడి చేపంతా జారిపోయింది. రెండో రోజూ అదే జరిగేసరికి అతను విసిగిపోయాడు.

"నా వల్ల కాదు బాబూ. ఒరే యువరాజూ, ఊరంతా తిరిగి పాడినావు కదా, నువ్వెత్తు."

యువరాజు చివరి నుంచి ముందుకొచ్చాడు. పేర్లు లేకుండా ఎత్తాడు. లాగండి, ఐసా. కొస బిగించండి, ఐసా. జనం అన్నారు గానీ తాడు బద్ధకంగానే వచ్చింది.

ముసలి రాజులమ్మ తాడు మీద నుంచే కేక వేసింది. "ఏట్రా అది? పాటేటి, బళ్ళో ఎక్కాలేటి? నిద్దరొత్తంది నాకు!"

కొందరు నవ్వారు. యువరాజు ఆగిపోయాడు. వరస మధ్యలో చిన్నమ్మి తాడు వదలకుండానే అంది.

"పేర్లెట్టు." మళ్ళీ తనే, "నా పేరొద్దు," అంది.

తాడు నీళ్ళలోకి జారసాగింది.

అతను ఊపిరి తీసుకుని రాజులమ్మతోనే మొదలుపెట్టాడు, ఆమె నిద్రతో, ఆమె నిద్రలో చుట్ట నిప్పుకు కాల్చుకున్న చీరతో. ‘ఐసా’ అని వరస విరగబడి నవ్వింది. ఢిల్లేశ్వరరావు మీదొకటి, అతని పక్కవాడి మీదొకటి. తాళ్ళు రెండూ సమంగా కదిలాయి. ఎన్నేళ్ళ తర్వాతో అతని మాటకు మనుషులు బదులు పలుకుతున్నారు. పాట ఎత్తేవాడి పేరు మాత్రం పాటలో ఉండదు. ఏడాదిగా కాచుకున్న తన పేరు ఇక రాదని పాడుతూనే అతనికి తెలిసింది.

వరస చిన్నమ్మి దగ్గరికి వచ్చింది. అతను నోరు మూసుకుని, ఒక పేరు పలికేంత సేపు అలాగే నిలబడ్డాడు. జనం ఆ ఖాళీకే ‘ఐసా’ అన్నారు. ఆమె అనలేదు. మడమలు ఇసుకలో దిగేసి లాగింది.

అతను ఆమె తర్వాత ఉన్నవాడి పేరు ఎత్తుకున్నాడు.