మాసయ్య అరచేయి, సూర్యుడి తుప్పు

మా మాసయ్య ఒకసారి సూర్యుడికి పట్టిన తుప్పు వదలగొట్టాడు. నవ్వకండి, నేను పక్కనే ఉన్నాను. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసినప్పటి నుంచి మా లంకలో జరిగిన ప్రతి వింతకూ నేనే సాక్షిని.

మాది కృష్ణ నడుమ చిన్న లంక. గద్వాల పోవాలంటే మాసయ్య తెడ్డేసి నడిపే పుట్టి ఒక్కటే దారి. కరెంటు తీగ నది దాటలేదు కాబట్టి తొంభై ఆరులో మందుల గది మీద సోలార్ పలకలు పెట్టారు. ఎండ బ్యాటరీల్లో చేరుతుంది. ఆ కరెంటును ఇన్వర్టరనే డబ్బా ఫ్రిజ్జుకు పనికొచ్చేలా మారుస్తుంది. ఊళ్లో పానా పట్టడం తెలిసినవాడు మాసయ్యే కనుక గది తాళంచెవి అతని మొలతాడుకే కట్టారు.

మరుసటేడు, దసరా వెళ్లిన నాలుగో రోజు. అవతలి ఒడ్డున పిల్లలకు తట్టు పోసింది. ఇద్దరు పోయారు. నర్సు కమల పొద్దున్నే మంచు డబ్బాలో టీకా మందు పెట్టుకుని పుట్టిలో వచ్చింది. సూదుల పెట్టె రెండో తడవకు రావాలి. అంతలో ఎగువ డ్యాము నుంచి నీళ్లు వదిలారు. మందు ఇటు, సూదులు అటు. వరద తగ్గేసరికి రెండు రోజులు పడుతుంది. ఈలోగా మందు ఎనిమిది డిగ్రీలు దాటితే పారబోయడమే. మాసయ్య మనవరాలు పుష్పకు అప్పుడే తొమ్మిది నెలలు నిండాయి.

ఖాళీగా ఉందని బందు పెట్టిన ఫ్రిజ్జుకు కమల స్విచ్చి వేసింది. ఫ్రిజ్జు గుర్రుమంది. ఇన్వర్టరు కీచుమని అరిచి, ఎర్రదీపం చూపి ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే.

“డబ్బాల మంచు కరుగుతుంది మాసన్నా. ఐదు దాటింది,” అంది కమల, డబ్బాలోని థర్మామీటరు చూసి.

నేను ఇన్వర్టరు నెత్తిన రెండు దెబ్బలు వేశాను. గద్వాలలో ఎన్ని రేడియోలు నా దెబ్బకు పాడాయో లెక్కలేదు. ఇది మాత్రం నన్ను ఖాతరు చేయలేదు.

“లైటు మంచిగనే వెలుగుతుంది గదనే మామా. బ్యాటరీల తప్పు లేదు, డబ్బానే సచ్చింది,” అన్నాను.

“నోరు మూస్తవా జర? లైటుకు చెంబెడు నీళ్లు సాలు. ఫ్రిజ్జు లేసెటప్పుడు ఒక్కపారే బిందెడు గుంజుతది. నడుమ ఏడనో దారి ఇరుకైంది,” అన్నాడు మాసయ్య.

“ఆరున్నర,” అంది కమల.

పుట్టికి చిల్లి ఎక్కడుందో మాసయ్య కళ్లతో వెతకడు, అరచేత్తో తడుముతాడు. ఇప్పుడూ అదే పని. “ఎయ్యమ్మా స్విచ్చి,” అని మొదటి బ్యాటరీకి తీగను పట్టి ఉంచే బిగింపు మీద చేయి పెట్టాడు. కీచు. చల్లగా ఉంది. “ఇంకోపారి.” రెండోదీ చల్లనే.

“గిట్ల ఎన్నిసార్లు మాసన్నా? ఏడుకొచ్చింది!”

“ఎయ్యమంటుంటి గద!”

మూడో బిగింపు మీద చేయి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. “ఈడ కాలుతుంది.”

అన్నీ బందు పెట్టి పానాతో బిగింపు విప్పాడు. లోపల పసుపుపచ్చని పెచ్చు, అంచులు మాడిపోయి ఉంది. “ఇదేందే?” అంది కమల. “సూర్యుని తుప్పు. సోలారుకు గట్లనే పడతది,” అన్నాను, నాకు తెలియనిది లేదు కాబట్టి. మాసయ్య పెచ్చు వంక చూసి, తర్వాత తన వేళ్ల వంక చూసుకున్నాడు. మంత్రం చదువుకుంటున్నాడనుకున్నాను. గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్దాడు. మిగతా బిగింపులూ విప్పి అలాగే రుద్దాడు. చెమట కళ్లలో పడుతున్నా తుడుచుకోలేదు.

“ఏడున్నర,” అంది కమల.

ఆఖరి మర బిగించి, స్విచ్చి తనే వేశాడు. ఫ్రిజ్జు గుర్రుమంది. ముగ్గురం కీచు కోసం ఊపిరి బిగబట్టాం. రాలేదు. మోటారు అలాగే తిరిగింది. ఫ్రిజ్జు లోపల చల్లబడేదాకా తడిగుడ్డలు చుట్టిన డబ్బాను మాసయ్య నీడలో ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. ఎనిమిదికి చీటి మందమంత తక్కువలో మందు లోపలికి చేరింది.

మూడో రోజు సూదులు వచ్చాయి. మొదటి సూది పుష్పకే. ఏడ్పు అవతలి ఒడ్డుదాకా వినిపించింది.

ఆ సాయంత్రం పుట్టి దిగిన ప్రతివాడికీ నేను ఈ అరచేతి మహిమ చెబుతుంటే, మాసయ్య తాడు చుట్టుకుంటూ తలెత్తకుండానే అన్నాడు:

“సూర్యుని తుప్పు గాదు, ఏం గాదు. పసుపది. దసరానాడు ఆయుధపూజకని బిగింపులు ఇప్పి నేనే పూసిన.”