పండుగకు ముందు మామిడికాయ పప్పు

నాకు నోరెక్కువ. అది మా నాన్న పెంపకం. ఆయన బడిపంతులు, ఎవరేం చెప్పినా "ఎందుకు?" అని అడగమనేవాడు. ఆ "ఎందుకు"ను వెంటబెట్టుకుని గోదావరి దాటి, భోపాల్‌పట్నంలో దుకాణమున్న ఇంటికి కోడలిగా వచ్చాను. బస్తరు రాజుల ఏలుబడి ఇంకా నడుస్తున్న రోజులవి. నాకు పదిహేడేళ్లు.

ప్రతి వారం అంగడి నాడు ఒక దొర్ల తెగ అమ్మాయి అడవి నుంచి విస్తర్లు కుట్టే అడ్డాకులు తెచ్చి మా దుకాణంలో వేసేది. నా ఈడుదే. తొలిచూలు, ఏడో నెల. ఆ కొత్త ఊళ్లో నాతో నవ్వుతూ మాట్లాడిన మొదటి మనిషి ఆమే. అందుకే ఆమె వచ్చే వేళకు ఏదో ఒకటి వండి ఉంచేదాన్ని. ఆ ఎండాకాలం మొదట్లో పెరటి చెట్టు లేతకాయలు కోసి, ముక్కలు కనబడకుండా మెత్తగా ఉడికించి పప్పు చేశాను. ఆమె అరుగు మీద కూర్చుని విస్తరి ఖాళీ చేసి, "మంచిగున్నదక్కా" అని వెళ్లిపోయింది.

గిన్నె కడుగుతుంటే మా అత్త చూసింది.

"ఏం పెట్టినవే ఆ పిల్లకు?"

"మామిడికాయ పప్పు."

అత్త నెత్తి పట్టుకుంది. "వాళ్ల కొత్తకాయ పండుగ ఇంక కాలేదే! దేవునికి పెట్టకుండ వాళ్లు మామిడికాయ ముట్టరు. ముట్టినోళ్లను పులి పడతదంటరు, కడుపు నిలవదంటరు. ఈ దినాలల్ల మనింట్ల వాళ్లకు చింతపండు పప్పే పెడతం. నన్నొక్క మాట అడగొద్దా?"

"కాయ తింటే పులెందుకొస్తదత్తా? మనం తింటలేమా?" అన్నాను, పెద్ద తెలివిగలదానిలా.

మరుసటి అంగడికి ఆ అమ్మాయి రాలేదు. ఆ పై అంగడికీ రాలేదు. నా తెలివి కాస్తా నీరుగారిపోయింది. వాళ్ల ఊరి వాళ్లు దుకాణానికి వస్తే అడగాలని నోటిదాకా వచ్చేది. ఏం వినాల్సి వస్తుందోనని లోపలికి వెళ్లిపోయేదాన్ని. అన్నం సహించేది కాదు. ఆమె నియమాన్ని ఆమెకు తెలియకుండా నేను తప్పించాను. కాన్పులో తల్లికో బిడ్డకో ఏమన్నా అయితే అది నా చేతులారా చేసిందే. ఎవరితో చెప్పుకోను? అత్తతో అంటే దెప్పుతుంది, మా ఆయనతో అంటే నవ్వుతాడు. పులి రాదని నాకు తెలుసు. అయినా అడవి వైపు నుంచి డప్పు వినబడితే చావు డప్పేమోనని చేతిలో పని ఆపి వినేదాన్ని.

వానలు పడ్డాక ఒక అంగడి నాడు వచ్చింది. నెత్తిన ఆకుల కట్ట, గుండెకు గుడ్డతో కట్టుకున్న నెలపిల్ల. నేను గడపలోనే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే పప్పు సంగతంతా చెప్పేశాను.

ఆమె పకపకా నవ్వింది. "నాకు తెల్వదా అక్కా? కడుపుతోనున్నదానికి మామిడికాయ వాసన పట్టదా? మొదటి ముద్దకే తెలిసింది."

"మరెందుకు తిన్నవ్?"

"నువ్వు ముందట కూసొని నా నోటి దిక్కే చూస్తివి. ఎట్ల ఉమ్మాలె? తెల్లారి మా పూజారి కాడికి పోయిన. తప్పయిందని చెప్పిన. ఆయన గుడ్డు పెట్టి మొక్కిండు. అయిపోయింది. ఇంటికొచ్చి మంచిగ పండుకున్న. ఆ తర్వాత కాన్పుకు మా అమ్మ కాడికి పోయిన."

గుండె మీది బరువు దిగిపోయింది. ఎంత తేలికపడ్డానంటే, ఏడుపు ఆగక ముందే నవ్వొచ్చింది. నవ్వుతూనే నా మీద నాకు కోపమూ వచ్చింది. నమ్మకమంటే వాళ్లకు పులి భయం, అంతే అనుకున్నాను. ఆ మనిషేమో తప్పు ఎక్కడ చెప్పుకోవాలో తెలిసి, చెప్పుకుని, కంటినిండా నిద్రపోయింది. నమ్మనన్న నేను మూడు నెలలు కునుకు లేకుండా గడిపాను.

ఆమె పిల్లను విప్పి నా ఒళ్లో పెట్టింది. పిల్ల వెచ్చగా, బరువుగా ఉంది. ఉన్నట్టుండి ఆమె నవ్వు ఆపింది.

"మరి నువ్వు ఎవరికి చెప్పుకున్నవక్కా?"

"ఎవరికీ చెప్పలే."

"ఇన్ని దినాలు ఒక్కదానివే మోసినవా?" అని, నా జవాబు కోసం చూడకుండా, తన కొంగుతో నా మొహం తుడిచింది.